సిస్టర్ నోరు విప్పే ఆసుపత్రి: పేషెంట్ సేఫ్టీని అలవాటుగా మార్చడం ఎలా?

ముందు మీ ఆసుపత్రి ఇన్సిడెంట్ రిజిస్టర్ తెప్పించుకోండి. గత ఆరు నెలల్లో ఎన్ని ఎంట్రీలు పడ్డాయో చూడండి. నెల నెలా "నిల్", "నిల్" అని రాసి ఉంటే సంతోషపడకండి. యాభై పడకల ఆసుపత్రిలో రోజూ ఎన్ని ఇంజెక్షన్లు పడతాయి, ఎన్ని సెలైన్లు ఎక్కుతాయి, ఎన్ని శాంపిళ్లు ల్యాబ్‌కు వెళ్తాయి! అన్నింటిలోనూ ఆరు నెలల పాటు ఒక్క పొరపాటూ జరగలేదంటే ఎవరూ నమ్మరు. జరిగాయి, మీదాకా రాలేదు, అంతే. కొన్నిచోట్ల ఎంట్రీలు ఉంటాయి కానీ జనవరి నుంచి జూన్ దాకా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్లు వచ్చే ముందు రోజు రాత్రి కూర్చుని నింపిన రిజిస్టర్ అది. వచ్చినవాళ్లకూ ఆ సంగతి తెలుస్తుందనుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్క ఏమిటంటే, వైద్యం కోసం వచ్చే ప్రతి పది మందిలో సుమారు ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా ఆపగలిగినవే. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2018లో పేషెంట్ సేఫ్టీకి జాతీయ స్థాయి ప్రణాళిక విడుదల చేసింది. కాబట్టి కాగితాలకు కొదవ లేదు. కొదవ ఉన్నది ఒక్కదానికే: ఆసుపత్రిలో అందరికన్నా చిన్న ఉద్యోగి, అందరికన్నా పెద్ద డాక్టర్‌తో "సార్, ఒక్క నిమిషం ఆగండి" అనగలగాలి. ఈ వ్యాసం ఆసుపత్రి నడిపే డాక్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, క్వాలిటీ బాధ్యత నెత్తిన పడ్డవాళ్లకు. ఆ ఒక్క మాట అనే పరిస్థితి తీసుకురావడానికి ఏ వరసలో ఏం చేయాలో చూద్దాం.

ముందు మారాల్సింది మీ మొదటి ప్రశ్న

తప్పు జరిగిందని తెలియగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎవరు చేశారు?" ఆ ప్రశ్న వార్డులో అందరి ముందూ, గట్టిగా వస్తే ఇంకో ఏడాది వరకు మీకు ఎవరూ ఏమీ చెప్పరు. దానికి బదులు మూడు ప్రశ్నలు, ఇదే వరసలో అలవాటు చేసుకోండి. "పేషెంట్ ఎలా ఉన్నారు?" ఇది మొదటిది, పేషెంట్ సంగతి చక్కబడేదాకా రెండోదానికి వెళ్లొద్దు. తర్వాత "ఏం జరిగింది?" ఆ తర్వాత "ఇలా జరగడానికి వీలు ఎక్కడ దొరికింది?" పేరు ఎలాగూ తెలుస్తుంది, దాని కోసం తొందర అక్కర్లేదు.

ఈ మార్పు ఎండీ గారి నుంచే రావాలి. క్వాలిటీ మేనేజర్ వంద క్లాసులు పెట్టినా, రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ కేస్ షీట్ విసిరేస్తే ఆ వంద క్లాసులూ వృథా. ఒక రోజు స్టాఫ్ మీటింగ్ పెట్టి, యజమాని స్వయంగా, తెలుగులో, సూటిగా ఇలా చెప్పాలి: "పొరపాటు జరిగితే, జరగబోయి ఆగితే, వెంటనే చెప్పండి. చెప్పినందుకు జీతం కట్ చేయను, డ్యూటీ మార్చను, మెమో ఇవ్వను. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం ఊరుకోను." మాట ఇచ్చాక నిలబెట్టుకోవడమే కష్టం. మొదటిసారి నిజంగా చెప్పిన సిస్టర్‌ను మీరు ఎలా చూశారన్నది సాయంత్రానికల్లా హాస్టల్ అంతా పాకిపోతుంది. మీ మీటింగ్ కన్నా దాని బలమే ఎక్కువ.

పెద్ద డాక్టర్‌ను సిస్టర్ ఆపడం ఏమిటని కొందరికి చిరాకుగా ఉంటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్‌ఫెక్షన్లు తగ్గించే పని చేపట్టినప్పుడు వాళ్లు పెట్టుకున్నది ఐదంటే ఐదు అంశాల చిన్న పద్ధతి: చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, గౌను, గ్లౌజులు, డ్రేపులు పూర్తిగా వాడడం, వీలైనంతవరకు తొడ దగ్గరి నరం వదిలేయడం, అవసరం తీరిన లైన్ వెంటనే తీసేయడం. వీటిలో డాక్టర్లకు తెలియనిది ఒక్కటీ లేదు. తేడా అల్లా, డాక్టర్ ఒక మెట్టు వదిలేస్తే ప్రొసీజర్ ఆపే అధికారం సిస్టర్‌కు ఇచ్చారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాదిన్నరలో ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి.

మీ దగ్గర ఈ అధికారం కాగితం మీద పెట్టండి. ఏయే సందర్భాల్లో ఎవరైనా సరే "ఆపండి" అనవచ్చో నాలుగైదు రాసి ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో), ఐసీయూలో అంటించండి. సంతకం పెట్టని కన్సెంట్, చేతికి బ్యాండ్ లేని పేషెంట్, కౌంట్ సరిపోని గాజ్ గుడ్డలు (ఆపరేషన్‌లో రక్తం అద్దేవి), అలర్జీ ఉందని రాసి ఉన్నా అదే మందు రావడం, ఇలాంటివి. సిస్టర్ ఆపింది తప్పని తేలినా సరే, ఆపినందుకు థాంక్స్ చెప్పాలి. అలా చెప్పడం అలవాటు లేని డాక్టర్లకు మొదట్లో కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి.

చెప్పే దారి సులువుగా పెట్టండి

నాలుగు పేజీల ఇంగ్లిష్ ఫారం పెట్టి "రిపోర్టింగ్ రావడం లేదు" అనుకోవడంలో అర్థం లేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగి బస్సు పట్టుకోవాల్సిన మనిషి దాన్ని నింపదు. అర పేజీ చాలు, తెలుగులో. ఏం జరిగింది లేదా ఏం జరగబోయింది, ఎక్కడ, ఎప్పుడు, పేషెంట్‌కు ఏమైనా అయిందా, ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయవచ్చని మీకు అనిపిస్తోంది. పేరు రాయడం ఇష్టమైతేనే. తెలుగు రాయడం రాని కేరళ సిస్టర్ ఉంటే ఇంగ్లిష్‌లో రాస్తుంది, చదవడం రాని ఆయమ్మ నోటితో చెబితే ఇంఛార్జ్ సిస్టర్ రాస్తుంది. ఆయమ్మలను, వార్డ్‌బాయ్‌లను, హౌస్‌కీపింగ్ వాళ్లను వదిలేయకండి. బాత్‌రూంలో ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, రాత్రి ఏ ముసలాయన ఎవరినీ పిలవకుండా మంచం దిగుతాడో వాళ్లకే తెలుసు.

పెట్టె ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. ఎండీ గది బయట సీసీ కెమెరా కింద పెడితే దానిలో కాగితం పడదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం అస్సలు వద్దు. పేషెంట్ వివరాలు ఫోన్ల నుంచి ఫోన్లకు తిరగడం ఒక సమస్య, అందరి ముందూ తప్పు ఒప్పుకోమనడం ఇంకో సమస్య.

అన్నింటికన్నా ముఖ్యంగా అడగాల్సినవి "తృటిలో తప్పినవి". వేరే పేషెంట్ మందు లోడ్ చేసి, బెడ్ దగ్గరికెళ్లాక గమనించి ఆగినవి. వాటిలో ఎవరికీ హాని జరగలేదు కాబట్టి చెప్పడానికి భయం తక్కువ, లోపం మాత్రం హాని జరిగినప్పుడు కనిపించేదే. మొదటి రెండు నెలలూ ఇవే అడగండి. రిపోర్టులు పెరుగుతుంటే మేనేజ్‌మెంట్‌లో ఎవరో ఒకరు టెన్షన్ పడతారు, "మన దగ్గర తప్పులు ఎక్కువైపోయాయా?" అని. తప్పులు ఎప్పుడూ ఉన్నవే, ఇప్పుడు కనబడుతున్నాయని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

రిపోర్ట్ ఇచ్చిన వాళ్లకు వారంలోగా జవాబు వెళ్లాలి. "మీరు రాసింది చూశాం, ఇది మార్చాం" లేదా "ఇప్పుడు మార్చలేకపోతున్నాం, కారణం ఇది." జవాబు రాని పెట్టెలో రెండోసారి ఎవరూ కాగితం వేయరు.

తప్పులన్నింటినీ ఒకే గాటన కట్టకండి

శిక్షించను అన్నారు కదా అని అన్నీ వదిలేస్తారా? అలా కాదు. వచ్చిన ప్రతి విషయాన్ని మూడు రకాలుగా విడదీయాలి. ఒకటి, ఎవరైనా చేయగలిగే పొరపాటు: ఒకేలా ఉన్న రెండు ఆంప్యూళ్లలో ఒకటి బదులు ఇంకోటి తీయడం. అక్కడ మనిషికి ధైర్యం చెప్పాలి, ఆంప్యూళ్లు పెట్టే చోటు మార్చాలి. రెండు, అడ్డదారి అలవాటు: పని ఒత్తిడిలో చేతి బ్యాండ్ చూడకుండా బెడ్ నంబర్ చూసి మందు ఇచ్చేయడం. "ఎందుకు ఇలా చేయాల్సి వస్తోంది?" అని అడిగి చూడండి. ముప్పై మంది పేషెంట్లకు రాత్రి ఇద్దరే సిస్టర్లు అనే జవాబు వస్తే, ఆ అలవాటు పుట్టించింది మీ డ్యూటీ చార్టే. మూడు, తెలిసి తెగించి చేసేది: తాగి డ్యూటీకి రావడం, చూడని బీపీని చూసినట్టు రాయడం. దీనికి చర్య తీసుకోవాల్సిందే. తీసుకోకపోతే ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు మీమీద నమ్మకం పోతుంది.

ఒక చిన్న పరీక్ష చాలావరకు దారి చూపిస్తుంది. అదే చదువు, అదే అనుభవం ఉన్న ఇంకో సిస్టర్‌ను అదే రాత్రి అదే చోట నిలబెడితే ఆమె కూడా అలాగే చేసేదా? "చేసేదేమో" అనిపిస్తే సమస్య మనిషిలో లేదు.

2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు ఆ తర్వాత రోజుల్లో చనిపోయారు. అలాంటివి జరిగినప్పుడు అందరూ అడిగేది ఎవరిని సస్పెండ్ చేశారనే. చర్యల సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి. మీ ఓటీలో మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు: మన దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ సెట్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కో సెట్ స్టెరిలైజ్ కావడానికి ఎంతసేపు పడుతుంది? ఆ లెక్కన రోజుకు ఎన్ని కేసులు చేయగలం? అంతకు మించి లిస్ట్ వేస్తే "ఈరోజుకు చాలు సార్" అనే అధికారం ఓటీ సిస్టర్‌కు ఉందా?

మనుషులకు చెప్పే ముందు వస్తువులు మార్చండి

"జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ ఇవ్వడం తేలిక, దాని వల్ల లాభమూ అంతంతే. వస్తువును మారిస్తే మాత్రం, అలసిపోయిన మనిషి చేతిలో కూడా అది పనిచేస్తుంది.

మొదటగా పొటాషియం క్లోరైడ్. మన దగ్గర దొరికే పది మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్ల పక్కనే, అదే ట్రేలో ఇది కనిపించే వార్డులు ఇప్పటికీ ఉన్నాయి. ఈరోజే వార్డుల నుంచి తీసి ఫార్మసీలో పెట్టించండి. ఐసీయూలో తప్పదంటే తాళం వేసిన వేరే డబ్బాలో, ఎర్ర స్టిక్కర్‌తో, ఇద్దరు చూసి కలిపే పద్ధతిలో ఉంచండి.

తర్వాత ఇన్సులిన్. మన దేశంలో వయల్స్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్ను కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. సిరంజీలూ రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 40 వయల్‌లోంచి 100 సిరంజీతో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. తిరగబడి, 100 ఇన్సులిన్‌ను 40 సిరంజీతో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళ్తాయి. తెల్లవారేసరికి ఆ పేషెంట్ షుగర్ పడిపోయి స్పృహ తప్పి ఉండవచ్చు. వార్డు స్టాక్‌లో ఒకే రకం ఇన్సులిన్, దానికి తగిన ఒకే రకం సిరంజీ ఉంచితే ఈ గొడవే ఉండదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్సులిన్ ఉంటే అడ్మిషన్ రోజే చూసి విడిగా పెట్టాలి. ఆర్డర్ రాసేటప్పుడు "యు" అక్షరం ఒక్కటే గీకే అలవాటు కూడా మాన్పించండి, తొందర రాతలో అది సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది.

సిజేరియన్లు చేసే ఆసుపత్రి అయితే ఇంకోటి. స్పైనల్‌కు (వెన్నులో ఇచ్చే మత్తుకు) వాడే బుపివకైన్ ఆంప్యూల్, బ్లీడింగ్ ఆపడానికి వాడే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఆంప్యూల్ చూడడానికి ఒకేలా ఉండి, ఒకటి అనుకుని ఇంకోటి వెన్నులోకి ఇచ్చిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. దీని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను అనస్థీషియా ట్రాలీ మీద ఉంచకుండా వేరే చోట పెట్టడం ఖర్చులేని పని.

పర్చేజ్ వాళ్లనూ ఇందులోకి లాగండి. రూపాయి తక్కువని కంపెనీ మార్చినప్పుడల్లా ఆంప్యూల్ రంగు మారుతుంది. కొత్త స్టాక్ వార్డుకు వెళ్లే ముందు ఒక ఫార్మసిస్ట్, ఒక సిస్టర్ పక్కపక్కన పెట్టి చూడాలి: ఇది దేనిలా కనబడుతోంది?

పేరు అడిగే తీరు

మన వార్డుల్లో ఎప్పుడూ ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఇంటి పేరు ఒక అక్షరంగా మిగిలిపోతుంది. ఆధార్‌లో నాగమణి, ఇంట్లో చిట్టెమ్మ. దానికి తోడు, "మీరు వెంకటలక్ష్మే కదమ్మా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్న పెద్దావిడ ఎవరైనా "ఆ" అంటుంది. వినబడకపోయినా "ఆ" అంటుంది. డాక్టర్ గారికి ఎదురు చెప్పడం ఎందుకని కూడా "ఆ" అంటుంది.

కాబట్టి ప్రశ్న తిప్పి అడగడం నేర్పండి. "మీ పేరు చెప్పండమ్మా", "ఏ ఊరు?", "మీ ఆయన పేరు?" ఆమె చెప్పినదాన్ని చేతి బ్యాండ్ మీద పేరుతో, ఐపీ నంబర్‌తో సరిచూడాలి. బెడ్ నంబర్ గుర్తింపు కిందికి రాదు, ఫ్యాన్ గాలి తగలడం లేదని బంధువులు మంచాలు మార్పించేస్తుంటారు. రక్తం ఎక్కించే ముందు ఇద్దరు సరిచూడాలి, అదీ పేషెంట్ పక్కనే నిలబడి, నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని కాదు. శాంపిల్ ట్యూబ్ మీద పేరు పేషెంట్ ముందే రాయాలి. ఖాళీ ట్యూబ్‌ల మీద ముందే పేర్లు రాసుకుని బయల్దేరే అలవాటు ఉంటే ఇవాళే ఆపించండి.

అటెండెంట్‌ను కూడా కాపలాగా వాడుకోండి. "ఏ మందు ఇచ్చినా పేరు అడగకుండా ఇస్తే మీరే గుర్తు చేయండి, మాకేం కోపం రాదు" అని అడ్మిషన్ రోజే చెబితే, అది విన్న సిస్టర్ కూడా జాగ్రత్త పడుతుంది.

రోజువారీ పనిలోకి తేవడం

పొద్దున డ్యూటీ మారే సమయంలో పది నిమిషాలు, నిలబడే, ఒక చిన్న మీటింగ్. గత 24 గంటల్లో ఏం జరిగింది, ఈరోజు దేని గురించి భయం, ఎవరికి సాయం కావాలి. ఒకేలాంటి పేర్లున్న పేషెంట్లు, కింద పడే ప్రమాదం ఉన్నవాళ్లు, పనిచేయని సక్షన్ మిషన్, ఇలాంటివే ఇక్కడ రావాలి. పదకొండో నిమిషంలో ముగించేయండి, లేకపోతే వారం తిరక్కుండానే ఎవరూ రారు.

డ్యూటీ ఓవర్ ఇవ్వడం (తర్వాతి షిఫ్ట్‌కు పేషెంట్లను అప్పగించడం) వీలైనంతవరకు బెడ్ పక్కన జరగాలి. ఫోన్‌లో డాక్టర్ చెప్పిన ఆర్డర్‌ను సిస్టర్ రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, డాక్టర్ "కరెక్ట్" అనాలి, వచ్చాక సంతకం పెట్టాలి. అంకెలు విడివిడిగా చదవాలి, ఫోన్‌లో "ఫిఫ్టీన్"కూ "ఫిఫ్టీ"కీ తేడా తెలియదు.

ఓటీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్ట్ ఉంది, 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, పేషెంట్ ఓటీ దాటే ముందు కొన్ని. ఢిల్లీలోని ఒక ఆసుపత్రితో సహా ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. మన దగ్గర ఇది దాదాపు ప్రతి కేస్ షీట్‌లో ఉంటుంది, చాలాసార్లు ఆపరేషన్ అయ్యాక టీ తాగుతూ టిక్కులు కొట్టినదే. పైకి చదవాలి, అందరూ చేతులు ఆపి వినాలి. చదివేది సర్క్యులేటింగ్ సిస్టర్ (ఆపరేషన్ బల్ల దగ్గర కాకుండా గదిలో మిగతా పనులు చూసే సిస్టర్) అయితే మంచిది, ఆ ఒక్క నిమిషమైనా గదిలో ఆమె మాటే చెల్లుతుంది. నెలకోసారి చెప్పకుండా వెళ్లి ఓటీలో ఒక మూల నిలబడి చూడండి.

ఇవన్నీ ఒకే నెలలో మొదలుపెడితే ఏదీ నిలవదు. మొదటి నెల రిపోర్టింగ్ కాగితం, పొద్దుటి పది నిమిషాలు, పొటాషియం క్లోరైడ్. ఇవి కుదురుకున్నాక మిగతావి.

నిజంగా హాని జరిగిన రోజు

ఇంత చేసినా ఒకరోజు జరుగుతుంది. అప్పుడు కుటుంబానికి ఎవరు చెప్పాలో ముందే తేల్చి ఉంచుకోండి. ట్రీట్ చేస్తున్న సీనియర్ డాక్టరే చెప్పాలి, డ్యూటీ డాక్టర్‌ను ముందుకు తోయకూడదు. కారిడార్‌లో కాకుండా ఒక గదిలో, కూర్చోబెట్టి, నలుగురైదుగురు దగ్గరి బంధువులతో. ఏం జరిగిందో తెలిసినంతవరకు చెప్పాలి, తెలియనిదాన్ని ఊహించి చెప్పకూడదు, మళ్లీ ఎప్పుడు కలుస్తారో టైం చెప్పి ఆ టైంకు కలవాలి. గొడవలకు భయపడి డాక్టర్ కనబడకుండా పోవడమే చాలాచోట్ల గొడవను పెంచుతుంది. ఆసుపత్రులపై దాడుల నిరోధానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన చట్టం ఉంది, అవసరమైతే పోలీసులకు చెప్పడంలో తప్పు లేదు. కానీ మాట్లాడకముందే పోలీసు వ్యాన్ వచ్చి నిలబడితే ఇక మాట్లాడేందుకు ఏమీ మిగలదు.

కేస్ షీట్ ముట్టుకోకండి. మర్చిపోయినది రాయాలంటే ఇప్పటి తేదీ, టైం వేసి "ఆలస్యంగా రాసినది" అని రాసి సంతకం పెట్టాలి. కొట్టేయాలంటే చదవడానికి వీలుగా ఒకే గీత. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. మందు వల్ల రియాక్షన్ అనుకుంటే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024కు చెప్పండి, ఆ మందు బ్యాచ్ నంబర్, ఖాళీ వయల్ పారేయకుండా తీసి పెట్టండి.

ఆ డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను ఆ రాత్రి ఒంటరిగా హాస్టల్‌కు పంపకండి. డ్యూటీ నుంచి తప్పించి, తోడుగా ఒకరిని ఉంచండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడించండి. ఏం జరిగిందో ఆమెను ఒకే మనిషి, ఒకేసారి, కూర్చోబెట్టి అడగాలి, గదికొకరు పిలిచి అడగకూడదు. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ డ్యూటీకి వచ్చినప్పుడు మొదటి షిఫ్ట్ పగటి పూటే వేయండి, పక్కన సీనియర్ ఉండేలా.